బ్రేకుల రీకాల్ నోటీసు వచ్చిందా? బండి ఆపడం నుంచి రిపేరు కాగితం చేతికి వచ్చేదాకా చేయాల్సినవి

బ్రేకుల్లో లోపం ఉంది, బండి తెస్తే బాగు చేస్తామని కంపెనీ నుంచి రీకాల్ నోటీసు రాగానే ముందు తేల్చుకోవాల్సింది ఒక్కటే: రిపేరు అయ్యేదాకా ఈ బండి నడపొచ్చా, నడపకూడదా? అపాయింట్‌మెంట్ ఎప్పుడు దొరుకుతుంది, స్పేర్ పార్టు ఉందా లేదా, ఖర్చు ఎవరిది అన్నవన్నీ దాని తర్వాతే. చాలామంది ఈ వరసను తిరగేస్తారు. సర్వీస్ సెంటర్‌కు ఫోన్ చేస్తారు, మూడు వారాల తర్వాతి తేదీ ఇస్తే సరేనంటారు, ఆ మూడు వారాలూ పిల్లల్ని ఎక్కించుకుని ఎప్పటిలాగే తిరుగుతారు. నోటీసులో రెండో పేజీ చదివి ఉంటే బహుశా బండి తాళాలు ముట్టుకునేవారు కాదు.

ఇక్కడ రాసింది ప్రధానంగా కార్ల గురించి. మోటార్ సైకిళ్లకు, వ్యాన్లకు కూడా పద్ధతి దాదాపు ఇదే.

బ్రేకు లోపం అంటే బ్రేకు పడకపోవడమే కాదు

మూడు రీకాల్‌లు పక్కపక్కన పెట్టి చూస్తే విషయం అర్థమవుతుంది.

2019లో జనరల్ మోటార్స్ అమెరికాలో దాదాపు 34 లక్షల పికప్‌లను, పెద్ద ఎస్‌యూవీలను రీకాల్ చేసింది. బ్రేక్ బూస్టర్‌కు (పెడల్ తొక్కే బలాన్ని పెంచే భాగం) వాక్యూమ్ (గాలి తీసేసిన ఖాళీ) అందించే పంపు కాలం గడిచేకొద్దీ బలహీనపడుతోంది, దాంతో పెడల్‌ను మామూలు కంటే గట్టిగా తొక్కాల్సి వస్తోంది, బండి ఆగే దూరం పెరుగుతోంది. దానికి చేసిన రిపేరు బ్రేకుల కంట్రోల్ యూనిట్‌లో సాఫ్ట్‌వేర్ మార్పు.

2022లో మెర్సిడెస్ బెంజ్ రీకాల్ చేసినవి 2004 నుంచి 2015 మధ్య తయారైన ఎంఎల్, జీఎల్, ఆర్ క్లాస్ బండ్లు, ప్రపంచం మొత్తం మీద దాదాపు 10 లక్షలు. బ్రేక్ బూస్టర్ మీది రబ్బరు తొడుగు కింద తేమ చేరి లోపల తుప్పు పట్టే ప్రమాదం ఉందన్నారు. తుప్పు బాగా ముదిరిన బండిలో గట్టిగా బ్రేకు వేస్తే పెడల్‌కూ బ్రేకులకూ మధ్య లంకె తెగిపోవచ్చు. అందుకే తనిఖీ అయ్యేదాకా బండి నడపొద్దని యజమానులకు చెప్పారు.

2023లో హ్యుందాయ్, కియా కలిపి అమెరికాలో 33 లక్షలకు పైగా బండ్లను రీకాల్ చేశాయి. వాటిలో బ్రేకులు బాగానే పడుతున్నాయి. ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏర్పాటు) యూనిట్ లోపల బ్రేక్ ఆయిల్ కారి షార్ట్ సర్క్యూట్ అయితే, ఇంజిన్ ఆపి నిలిపి ఉంచిన బండికి కూడా నిప్పు అంటుకోవచ్చు. రిపేరు అయ్యేదాకా బండిని ఆరుబయట, ఇళ్లకూ ఇతర కట్టడాలకూ దూరంగా పెట్టమన్నారు.

"నా బండికి బ్రేకు బాగానే పడుతోంది కదా" అనే మాట ఈ మూడో రకానికి అసలు పనికిరాదు. రెండో రకానికీ పనికిరాదు, ఎందుకంటే తుప్పు పని పూర్తి చేసేదాకా పెడల్‌లో తేడా తెలియకపోవచ్చు. కాబట్టి మీ కాలికి ఏమనిపిస్తోందన్న దాన్ని బట్టి కాకుండా నోటీసులో ఏం రాశారన్న దాన్ని బట్టే నిర్ణయం తీసుకోండి.

ముందుగా: నోటీసు నిజమైనదేనా, మీ బండికేనా?

మెసేజ్‌లోనో మెయిల్‌లోనో వచ్చిన లింకు నొక్కకండి. కంపెనీ వెబ్‌సైట్ అడ్రసు మీరే టైప్ చేసి రీకాల్ పేజీకి వెళ్లండి, లేదా బండి మాన్యువల్‌లో ఉన్న కస్టమర్ కేర్ నంబరుకు ఫోన్ చేయండి. నిజమైన రీకాల్ కోసం ఎవరూ డబ్బు అడగరు, కార్డు వివరాలు అడగరు, ఓటీపీ అడగరు. అడిగితే అది మోసం.

తర్వాత బండి విన్ నంబరు, అంటే ఛాసిస్ నంబరు తీసి ఆ రీకాల్ పేజీలో కొట్టండి. ఇందులో 17 అక్షరాలు, అంకెలు ఉంటాయి. డ్రైవర్ వైపు ముందు అద్దం కింది మూలలో, డ్రైవర్ తలుపు తీస్తే కనిపించే స్టిక్కర్ మీద, రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ మీద, ఇన్సూరెన్స్ కాగితాల మీద దొరుకుతుంది. ఐ, ఓ, క్యూ అనే ఇంగ్లిష్ అక్షరాలు ఈ నంబరులో ఎప్పుడూ ఉండవు. ఒకటి, సున్నాతో పొరబడతారని వాటిని వాడరు. గుండ్రంగా కనిపించింది సున్నానా, ఓనా అని తటపటాయించకుండా సున్నా కొట్టండి.

మోడల్ పేరు, సంవత్సరం చూసి "మనది కాదులే" అనుకోవద్దు. లోపం సాధారణంగా ఒక సరఫరాదారు నుంచి వచ్చిన పార్టుల్లో ఉంటుంది, ఆ పార్టులు ఏయే బండ్లకు బిగించారో కంపెనీ రికార్డుల్లో ఉంటుంది. ఒకే నెలలో కొన్న రెండు ఒకేలాంటి కార్లలో ఒకటి జాబితాలో ఉండి, రెండోది లేకపోవచ్చు. ప్రకటన వచ్చిన కొత్తలో జాబితా ఇంకా ఎక్కకపోవచ్చు కూడా. "రీకాల్ లేదు" అని చూపిస్తే ఆ స్క్రీన్ ఫొటో తీసి పెట్టుకుని, కొన్ని వారాల తర్వాత మళ్లీ చూడండి.

ప్రభుత్వ సంస్థల సైట్లలోనూ వెతకొచ్చు. అమెరికాలో జాతీయ రహదారి భద్రతా సంస్థ, జర్మనీలో ఫెడరల్ మోటార్ రవాణా సంస్థ, జపాన్‌లో రవాణా మంత్రిత్వ శాఖ రీకాల్‌లను ప్రకటిస్తాయి. అమెరికా చట్టం 1966 నాటిది. అక్కడ కంపెనీ 60 రోజుల్లోగా యజమానులకు ఉత్తరం పంపాలి, మొదటి అమ్మకం నుంచి 15 ఏళ్ల దాకా ఉచితంగా బాగు చేయాలి. భారత్‌లో మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణతో లోపమున్న వాహనాలను వెనక్కి పిలిపించే అధికారం కేంద్రానికి వచ్చింది. దానికి సంబంధించిన నియమాలు 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్నాయి.

నోటీసులో ఏ వాక్యాల కింద గీత గీయాలి

నోటీసు భాష మొద్దుగా ఉంటుంది, భయపెట్టకుండా చెప్పాలని చూస్తుంది. పెన్ను పట్టుకుని ఈ నాలుగూ వెతకండి.

లోపం ఏ పార్టులో ఉంది, ఎలా చెడుతుంది? "మెల్లగా అరుగుతుంది" అనడానికీ "హెచ్చరిక లేకుండా విఫలం కావచ్చు" అనడానికీ చాలా తేడా ఉంది. రెండో మాట కనిపిస్తే ఎంత దగ్గరి ప్రయాణమైనా ముందు కస్టమర్ కేర్‌తో మాట్లాడాకే.

ముందుగా ఏమైనా సంకేతం ఇస్తుందా? ఎర్ర లైటు, పెడల్ మెత్తబడటం, బుస్సుమని గాలి శబ్దం, ఇంజిన్ గదిలో వాసన. ఇవి రాసి ఉంటే ఆ బండి నడిపే ఇంట్లోవాళ్లందరికీ చదివి వినిపించండి. నోటీసు ఒకరి పేరున వస్తుంది, బండి ముగ్గురు నడుపుతారు.

ఇప్పుడు ఏం చేయమంటున్నారు? "నడపొద్దు", "ఆరుబయట నిలపండి", "వీలైనంత త్వరగా సర్వీస్ సెంటర్‌కు తీసుకురండి" అన్నవి వేరువేరు ఆదేశాలు. "నడపొద్దు" అని ఉంటే సర్వీస్ సెంటర్‌కు కూడా నడుపుకుంటూ వెళ్లొద్దు. టోయింగ్ వాహనం పంపమని అడగండి, నాలుగు చక్రాలూ ఎత్తి తీసుకెళ్లే ఫ్లాట్‌బెడ్ అయితే మంచిది. "ఆరుబయట" అని ఉంటే మూసి ఉన్న గ్యారేజీలో, సెల్లార్‌లో, గోడకు ఆనించి పెట్టొద్దు. రాత్రిపూట చార్జింగ్ పెట్టే బండి అయితే చార్జింగ్ సంగతి విడిగా అడిగి తెలుసుకోండి.

రిపేరు సిద్ధంగా ఉందా? చాలా నోటీసులు రెండు విడతల్లో వస్తాయి. మొదటిది లోపం గురించి చెప్పే ఉత్తరం, పార్టులు వచ్చాక రెండోది. మొదటిది చూసి హడావిడిగా వెళ్తే ఊరికే తిరిగి రావాల్సి వస్తుంది, ఆ విసుగుతో రెండోది వచ్చినప్పుడు పక్కన పడేస్తారు. రీకాల్‌లు సగంలో ఆగిపోయేది ఎక్కువగా ఇక్కడే.

ఫోన్ చేసినప్పుడు

విన్ నంబరు, నోటీసులో ఉన్న రీకాల్ నంబరు ముందు పెట్టుకుని ఫోన్ చేయండి. "బ్రేకులు చూడాలి" అనకండి, అలా అంటే మామూలు సర్వీసు కింద రాసుకుంటారు. "ఫలానా నంబరు భద్రతా రీకాల్ పని" అని చెప్పండి. పార్టు ఉందా, లేకపోతే నా పేరు వరసలో ఎక్కించారా, పని ఎన్ని గంటలు పడుతుంది, అప్పటిదాకా వేరే బండి ఇస్తారా అని అడగండి. నడపొద్దని కంపెనీయే చెప్పినప్పుడు టోయింగ్, తాత్కాలిక బండి అడగడం మొహమాటపడాల్సిన విషయం కాదు. ఇస్తారో ఇవ్వరో మెయిల్‌లో జవాబు తీసుకోండి.

దగ్గర్లోని సెంటర్‌లో తేదీ దూరంగా ఉంటే అదే కంపెనీకి చెందిన ఇంకో సెంటర్‌లో అడగండి. బండి ఎక్కడ కొన్నా రీకాల్ పని వాళ్ల ఏ అధీకృత సెంటర్ అయినా చేయగలదు.

రిపేరు దాకా నడపాల్సి వస్తే

నోటీసు నడపొద్దని చెప్పకపోతే, వేరే దారి లేకపోతే, ప్రయాణాలు తగ్గించి నడపండి. ముందు బండికి దూరం ఎప్పటికంటే బాగా పెంచండి. నిండుగా బరువు వేయొద్దు, ట్రైలర్ తగిలించొద్దు, పొడవాటి దిగుడు ఉన్న కొండ దారులు వద్దు.

బయల్దేరే ముందు రోజూ బ్రేక్ ఆయిల్ డబ్బా చూడండి. మట్టం కనిష్ఠ, గరిష్ఠ గీతల మధ్య ఉండాలి. ప్యాడ్లు అరిగేకొద్దీ అది నెలల తరబడి కొద్దికొద్దిగా దిగడం మామూలే. వారంలో కళ్లకు కనిపించేంత దిగిందంటే ఎక్కడో కారుతోంది. అప్పుడు పైనుంచి ఆయిల్ పోసి నడిపేయడం చాలా ప్రమాదం. మట్టం సరిగ్గా కనిపిస్తుంది, లీకు మాత్రం అలాగే ఉంటుంది. బండి ఆపేసి ఫోన్ చేయండి.

డ్యాష్‌బోర్డు మీద ఎర్ర బ్రేకు లైటు వెలిగితే, హ్యాండ్ బ్రేక్ దించినా ఆరకపోతే, భద్రంగా పక్కకు తీసి ఆపేయండి. పసుపు ఏబీఎస్ లైటు ఒక్కటే వెలిగితే మామూలు బ్రేకు పనిచేస్తుంది కానీ గట్టిగా వేసినప్పుడు చక్రాలు బిగుసుకుని బండి జారొచ్చు. రెండూ కలిసి వెలిగితే ముందు చక్రాలకు, వెనక చక్రాలకు బ్రేకు బలాన్ని పంచే ఏర్పాటు కూడా ఆగిపోయి ఉండొచ్చు, కాబట్టి ఇక నడపొద్దు.

నడుస్తున్న బండిలో బ్రేకు పోతే

దీన్ని నెమ్మదిగా చదవండి, ఇంట్లో బండి నడిపే ప్రతి ఒక్కరి చేతా చదివించండి. బ్రేకు పోయిందని అందరూ ఒకే మాట అంటారు గానీ అది రెండు రకాలుగా పోతుంది, రెండింటికీ చేయాల్సిన పని వేరు.

పెడల్ మెత్తగా నేల దాకా దిగిపోతే ఆయిల్ ఒత్తిడి పోయిందని అర్థం. పెడల్‌ను గబగబా పదేపదే తొక్కండి. కొంత ఒత్తిడి తిరిగి రావొచ్చు. ఇప్పటి కార్లలో ఆయిల్ రెండు విడివిడి దారుల్లో వెళ్తుంది కాబట్టి ఒకటి కారిపోయినా రెండోది కొంత ఆపగలదు. అయితే పెడల్ బాగా లోతుకు వెళ్తుంది, బండి ఆగడానికి ఎక్కువ దూరం పడుతుంది.

పెడల్ రాయిలా బిగిసి దిగకపోతే బూస్టర్ సాయం పోయిందని అర్థం. ఇక్కడ పదేపదే తొక్కకూడదు. బూస్టర్‌లో మిగిలిన కాస్త వాక్యూమ్ కూడా ఆ తొక్కుళ్లకే ఖర్చయిపోతుంది. ఒకే ఒక్కసారి, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి, అవసరమైతే రెండు కాళ్లతో తొక్కి పట్టుకోండి. బ్రేకులు ఉన్నాయి, తోడు మాత్రమే పోయింది.

ఏ రకమైనా యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేయండి, హజార్డ్ లైట్లు వేయండి, హారన్ కొడుతూ ఉండండి. గేరు ఒక్కొక్కటిగా తగ్గించండి. ఆటోమేటిక్ అయితే మాన్యువల్ మోడ్‌లోకో, తక్కువ గేరులోకో మార్చండి. చేత్తో లాగే హ్యాండ్ బ్రేక్ అయితే బటన్ నొక్కిపట్టి కొంచెం కొంచెంగా లాగండి, వెనక చక్రాలు జారినట్టు అనిపిస్తే కాస్త వదలండి. బటన్ రకం ఎలక్ట్రిక్ బ్రేక్ అయితే స్విచ్చి ఒకసారి నొక్కి వదిలేయడం చాలదు. చాలా బండ్లలో అదుపుగా ఆగాలంటే దాన్ని ఆగేదాకా పట్టుకునే ఉండాలి. మీ బండిలో ఎలా ఉందో మాన్యువల్‌లో ఈరోజే చూసుకోండి.

ఇంజిన్ ఆపొద్దు. ఆపితే స్టీరింగ్ బరువెక్కుతుంది, తాళం తీసేస్తే స్టీరింగ్ లాక్ కూడా పడొచ్చు. ఎత్తుకు వెళ్లే దారి, రోడ్డు పక్కన ఖాళీ జాగా కనిపిస్తే అటు తిప్పండి. ఆగాక, "ఇప్పుడు పెడల్ బాగానే ఉందే" అనిపించినా మళ్లీ బయల్దేరొద్దు.

సర్వీస్ సెంటర్‌లో

బండి ఇచ్చేటప్పుడు జాబ్ కార్డు (చేయాల్సిన పని రాసుకునే కాగితం) మీద రీకాల్ నంబరు రాయించండి. మీరు గమనించిన లక్షణాలు విడిగా రాయించండి: ఎప్పుడు, ఎంత వేగంలో, పెడల్ ఎలా ఉంది. ఓడోమీటర్ అంకె కూడా.

"తనిఖీ చేసి అవసరమైతే మారుస్తాం" అనే రకం రీకాల్‌లు చాలా ఉంటాయి. 2024లో బీఎండబ్ల్యూ, విడిభాగాల సంస్థ కాంటినెంటల్ తయారుచేసిన బ్రేక్ సిస్టమ్ కారణంగా దాదాపు 15 లక్షల కార్లను లెక్కలోకి తీసుకున్నప్పుడు, నిజంగా మార్చాల్సి వచ్చేవి కొద్ది శాతమేనని కాంటినెంటల్ చెప్పింది. మార్చలేదంటే మోసం చేశారని కాదు. కానీ ఏం తనిఖీ చేశారు, ఏం తేలింది అన్నది కాగితం మీద ఉండాలి. పార్టు మార్చితే దాని నంబరు, సాఫ్ట్‌వేర్ మార్చితే కొత్త వెర్షన్ రాయమనండి.

ఆయిల్ పైపులు విప్పే పని అయితే వాటిలో చేరిన గాలి పూర్తిగా తీశారా అని అడగండి. ఏబీఎస్ యూనిట్ లోపల చిక్కుకున్న గాలిని తీయడానికి చాలా బండ్లలో స్కానర్ తగిలించాలి. పోసిన ఆయిల్, బండిలోని ఆయిల్ డబ్బా మూత మీద రాసిన రకమే అయి ఉండాలి, డాట్ 3 అంటే డాట్ 3, డాట్ 4 అంటే డాట్ 4. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కొత్త డాట్ 4 కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు, తేమ పట్టాక ఆ కనీస హద్దు 155కి పడిపోతుంది. సగం వాడిన పాత డబ్బాలోంచి పోయనివ్వకండి.

తెలిసిన మెకానిక్ దగ్గర చేయించుకుంటే సరిపోదా అని కొందరు అడుగుతారు. రీకాల్ పనికి అది వద్దు. కంపెనీ రికార్డులో మీ బండి రిపేరు కానిదిగానే మిగిలిపోతుంది, మారిన పార్టు కొత్త డిజైన్‌దో పాతదో మీకు తెలియదు.

బండి తీసుకునేటప్పుడు సెంటర్ ఆవరణలోనే పెడల్ పరీక్ష చేయండి. ఇంజిన్ ఆపి ఉండగా నాలుగైదుసార్లు తొక్కితే పెడల్ పైకి వచ్చి గట్టిపడాలి. దాని మీద కాలు అలాగే అదిమి ఉంచి ఇంజిన్ స్టార్ట్ చేస్తే కొంచెం కిందికి దిగాలి. దిగిందంటే వాక్యూమ్ బూస్టర్ పనిచేస్తోందని అర్థం. తర్వాత అర నిమిషం అదిమి పట్టుకోండి. మెల్లగా జారుతూ నేల వైపు వెళ్తుంటే బండి తీసుకోవద్దు. పూర్తిగా ఎలక్ట్రానిక్ బ్రేకులున్న కొత్త బండ్లకు ఈ పరీక్ష అదే విధంగా వర్తించదు, వాటికి ఎలా చూడాలో వాళ్లనే చూపించమనండి. అంతా సరిగ్గా ఉంటే ఖాళీ జాగాలో తక్కువ వేగంలో రెండుమూడుసార్లు ఆపి చూసి రోడ్డెక్కండి. మర్నాడు పొద్దున చక్రాల లోపలి వైపు, బండి కింద నేల మీద తడి ఉందేమో చూడండి.

కొన్ని రోజుల తర్వాత విన్ నంబరు మళ్లీ కొట్టి చూడండి. రీకాల్ పెండింగ్ అనే మాట పోయి ఉండాలి. పోకపోతే జాబ్ కార్డు పట్టుకుని వెళ్లి రికార్డు సరిచేయించండి. ఒక్కోసారి మొదటి రిపేరే సరిపోలేదని కంపెనీ అదే లోపానికి రెండో రీకాల్ ప్రకటిస్తుంది. "మాది అయిపోయింది" అని దాన్ని వదిలేయకండి.

డబ్బు సంగతి

రీకాల్ పనికి సాధారణంగా పార్టు, లేబర్ రెండూ ఉచితం. వారంటీ అయిపోయినా, సర్వీసులు బయట చేయించినా దానికి సంబంధం లేదు. ప్యాడ్లు, డిస్కులు అరిగి ఉంటే అవి మీ ఖర్చే, కానీ అవి మారిస్తేనే రీకాల్ పని చేస్తామంటే ఒప్పుకోకండి. రీకాల్ రాకముందే అదే లోపానికి మీరు డబ్బు పెట్టి ఉంటే తిరిగి ఇచ్చే ఏర్పాటు చాలాచోట్ల ఉంటుంది. బిల్లు, చెల్లించిన రుజువు, పాత జాబ్ కార్డు జత చేసి కంపెనీకే రాయండి.

సెంటర్ వాళ్లు కుదరదంటే గొడవపడి లాభం లేదు. ఎందుకు కుదరదో రాసిమ్మని అడగండి, అదే రోజు కంపెనీ కస్టమర్ కేర్‌కు ఫిర్యాదు నంబరు తీసుకోండి, అక్కడా కదలకపోతే మీ దేశంలోని రవాణా భద్రతా సంస్థకు పంపండి.

పాత బండి కొనేవాళ్లకు, అమ్మేవాళ్లకు

రీకాల్ ఉత్తరం రికార్డులో ఉన్న అడ్రసుకు వెళ్తుంది. చేతులు మారిన బండికి అది పాత యజమాని ఇంటి తలుపు కిందే ఉండిపోతుంది. అందుకే పాత బండి బేరం చేసే ముందే విన్ నంబరు అడిగి చూడండి, కొన్నాక మీ ఫోన్, అడ్రసు కంపెనీ దగ్గర నమోదు చేయించండి. అమ్మేటప్పుడు రిపేరు కాగితం బండితో పాటే ఇవ్వండి.

రీకాల్ లేదు, కానీ లక్షణాలు ఉన్నాయా?

అప్పుడు ఊరుకోవద్దు. భద్రతా సంస్థలు ఒక లోపంపై విచారణ మొదలుపెట్టేది చాలాసార్లు యజమానుల ఫిర్యాదులు పోగయ్యాకే. ఫిర్యాదులో కోపం కంటే వివరాలు పనిచేస్తాయి: విన్ నంబరు, తేదీ, వేగం, తడి రోడ్డా పొడి రోడ్డా, పెడల్ మెత్తగా దిగిందా బిగిసిందా, ఏ లైట్లు వెలిగాయి, ఎన్ని కిలోమీటర్లు తిరిగిన బండి, మెకానిక్ ఏం చెప్పాడు. డ్యాష్‌బోర్డు ఫొటో, కారిన ఆయిల్ ఫొటో, బిల్లులు జత చేయండి. తీసేసిన పార్టును పారేయనివ్వకుండా ఒక సంచిలో వేసి, తేదీ రాసి దాచండి. విచారణకు వచ్చిన ఇంజినీరు ముందు అడిగేది దాన్నే.